రెండవ మారు వచ్చిన దూత

ధ్యాన భాగము: 1 రాజులు 19:1–18



పరిశుద్ధ గ్రంథములో మరణమును కోరి ప్రార్థించిన భక్తులు ఒకరిద్దరు కారు. జనుల భారమును ఒంటరిగా మోయలేక మోషే అట్లు ప్రార్థించెను (సంఖ్యాకాండము 11:15). యోబును యిర్మీయాయును తాము పుట్టిన దినమునే శపించిరి. యోనా నీనెవె పట్టణము వెలుపల కూర్చుండి బ్రదుకుట కంటె చచ్చుటయే మేలనుకొనెను. ఏలీయా అరణ్యములో బదరీవృక్షము క్రింద పండుకొని తన ప్రాణమును తీసికొమ్మని దేవుని వేడుకొనెను. దేవుడు వీరి పేరులను తన గ్రంథములోనుండి తుడిచివేయలేదు. వీరి మాటలను దాచిపెట్టనూ లేదు.

మనమైతే ఏమి చేయుచున్నాము? మన యింటిలో ఒక యౌవనస్థుడు గాని యౌవనస్థురాలు గాని అట్టి మాట పలికినయెడల వెంటనే గద్దింతుము. లేదా, ఆ మాట ఇరుగుపొరుగు చెవిని పడునేమోయని భయపడి తలుపు మూయుదుము. సంఘములో తెలిసినచో, “విశ్వాసము చాలక ఇట్లు జరిగినది” అని ఒక మాట విసరి మన దారిన మనము పోవుదుము. ఆ బిడ్డ మూయబడిన తలుపు వెనుక ఒంటరిగా మిగిలిపోవును. ఏలీయాయెడల దేవుడు ఏమి చేసెనో, మనము ఏమి చేయుచున్నామో పక్కపక్కన ఉంచి చూచుకొనుటయే ఈ ధ్యానము యొక్క ఉద్దేశము.

1. దేవుడు చేసిన వైద్యము

ఏలీయా బలహీనుడు కాడు. కర్మెలు పర్వతముమీద ఆకాశమునుండి అగ్నిని దింపించినవాడు. మూడేండ్ల కరవు తరువాత వర్షము కొరకు ప్రార్థించి జవాబు పొందినవాడు. ఆ ఘనకార్యము జరిగిన వెంటనే, యెజెబెలు పంపిన ఒక్క వర్తమానముతో అతని మనస్సు కూలిపోయెను. బలవంతునికి ఇట్టి స్థితి రాదనువారు ఈ అధ్యాయమును మరల చదువవలెను. అలసట, ఆకలి, భయము, నిద్రలేమి, ఒంటరితనము ఇవన్నియు ఒక్కటిగా మీదపడినప్పుడు ప్రవక్తయైనను మనుష్యుడే.

అతడు చేసిన ఒక పనిని గమనించుడి. బెయేర్షెబాలో తన దాసుని విడిచిపెట్టి, అరణ్యములోనికి ఒక్కడే వెళ్లెను. కుంగిన మనస్సు మొదట చేయు పని ఇదియే. తోడుగా నున్నవారిని ఒక్కొక్కరినే వెనుక విడిచివచ్చును. స్నేహితులతో మాటలు తగ్గును. కూటములకు రాక తగ్గును. భోజనపు బల్లయొద్ద మౌనము పెరుగును. మనము దానిని గర్వమనియో సోమరితనమనియో అనుకొందుము. అది ఒక బిడ్డ తన దాసుని బెయేర్షెబాలో విడిచి వెళ్లుచున్న గడియ కావచ్చును.

దేవుడు ఏమి చేసెను? మొదట ప్రసంగము చేయలేదు. అతనిని నిద్రపోనిచ్చెను. దూతను పంపి తట్టి లేపించెను. తట్టుట యనగా చేతితో ముట్టుట. నిప్పులమీద కాలిన అప్పమును, బుడ్డిలో నీళ్లను తలదగ్గర పెట్టించెను. ఏలీయా తిని, త్రాగి, తిరిగి పండుకొనెను. మనమైతే ఇక్కడ విసిగిపోవుదుము. “ఒకసారి వచ్చి చెప్పితిమి, ప్రార్థించితిమి, ఇంకను లేవడేమి?” అందుము. పరలోకపు దూత విసుగుకొనలేదు. రెండవ మారు వచ్చెను. మరల తట్టెను. మరల ఆహారమిచ్చెను. ప్రయాణము అతని బలమునకు మించినదని ఒప్పుకొనెను. “ఇదేమి పెద్ద కష్టము?” అని తేలిక చేయలేదు.

తరువాత హోరేబు గుహలో దేవుడు అడిగినది ఒక ప్రశ్న. ఏలీయా తన దుఃఖమంతయు చెప్పుకొనెను. గాలియు భూకంపమును అగ్నియు దాటిపోయి మెల్లని స్వరము వినబడిన తరువాత దేవుడు అదే ప్రశ్నను మరల అడిగెను. ఏలీయాయును అదే జవాబును దాదాపు అక్షరము తప్పక మరల చెప్పెను. దేవుడు, “ఇదివరకే వింటిని” అనలేదు. కుంగినవాడు చెప్పినదే చెప్పును. విన్నదే మరల వినగల ఓపిక దైవలక్షణము.

అంతయు విన్న తరువాతనే దేవుడు అతనికి మూడు సంగతులు ఇచ్చెను: చేయుటకు పని, నడచుటకు తోడుగా ఎలీషా, నమ్ముటకు ఒక సత్యము. తానొక్కడనే మిగిలితినని అతడు అనుకొనగా, ఏడువేలమంది మిగిలియున్నారని తెలిపెను. నిద్ర, ఆహారము, స్పర్శ, వినుట, తోడు, సత్యము: దేవుని వైద్యములో వరుస ఇది. మనము ఈ వరుసను తలక్రిందులు చేసి సత్యముతో మొదలుపెట్టుదుము, అక్కడనే ముగింతుము.

2. సెరంపూరు గృహములో ఒక మూయబడిన గది

ఈ సంగతి బైబిలు కాలముతో ముగియలేదు. కోల్‌కతా నగరమునకు ఉత్తరమున, హుగ్లీ నది పడమటి గట్టున సెరంపూరు ఉన్నది. తెలుగు క్రైస్తవులు ఆ ఊరికి ఋణపడియున్నారు. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణమును, 1818లో తెలుగు క్రొత్త నిబంధనయు అక్కడి ముద్రణాలయములోనే వెలువడినవి. కేరీ జీవితమును మన మిషనెరీ కూటములలో ఎన్నియో మారులు వింటిమి. అయితే ఆ గృహములో మూయబడియున్న ఒక గదిని గూర్చి అరుదుగా వినియుందుము.

కేరీ భార్య డొరతీ ఇంగ్లండు విడిచి రావలెనని కోరినది కాదు. ఓడ బయలుదేరు ఆఖరి దినములలో, తన చెల్లెలు తోడు వచ్చుటకు ఒప్పుకొనగా ఆమె ఒప్పుకొనెను. 1793 నవంబరులో కుటుంబము కలకత్తా చేరెను. చేతిలో డబ్బు లేదు, నిలకడగా ఇల్లు లేదు. ఒక చోటినుండి మరియొక చోటికి తిరుగుచు, రోగములతో బాధపడుచు, 1794లో ఉత్తర బెంగాలులోని ముద్నాబాటి నీలిమందు కర్మాగారమునకు చేరిరి. అక్కడ ఆ యేటనే అయిదేండ్ల కుమారుడు పీటరు మరణించెను. డొరతీ మనస్సు విరిగెను. అటుతరువాత ఆమెను అనుమానములును భ్రమలును ఆవరించినవి. 1807 డిసెంబరులో మరణించువరకు ఆమె చాల కాలము గదిలోనే ఉంచబడెను. ఆ కాలమున ఆ వ్యాధికి తగిన చికిత్స లేదు. ఆమె పాపము చేసినందున అట్లయ్యెననుట అన్యాయము. ఆమె రోగి, పుత్రశోకముతో నున్న తల్లి.

ఆ యింటిలో పెరుగుచున్న పిల్లల సంగతి ఏమి? తల్లి లేచి చూడలేదు. తండ్రి మృదుస్వభావుడు, తెల్లవారినది మొదలు తర్జుమాలలో, బోధనలో మునిగియుండెడివాడు. పెద్ద కుమారుడైన ఫేలిక్సును అతని తమ్ముడు విలియమును క్రమశిక్షణ లేక, ఆదరణ లేక, కోపముతో పెరుగుచుండిరి. లోకమంతటికి లేఖనములనిచ్చుచున్న గృహములోనే కన్నబిడ్డలు విడువబడిన గొఱ్ఱెలవలె నుండిరి. కేరీని తక్కువ చేయుటకు ఈ మాట వ్రాయుటలేదు. సేవలో మునిగిన పాదిరి గృహములకును, ఉద్యోగములో మునిగిన విశ్వాసుల గృహములకును ఇది అద్దము.

1799 అక్టోబరులో మరికొందరు మిషనెరీలు సెరంపూరునకు వచ్చిరి. 1800 జనవరిలో కేరీ కుటుంబము వారితో చేరెను. అందరును ఒకే గృహసముదాయములో, ఒకే బల్లయొద్ద భుజించుచు కాపురముండిరి. వారిలో ఇద్దరు ఈ పిల్లలను చూచిరి. కన్నులతో అందరును చూచియుందురు. వీరు భారముతో చూచిరి. ఒకరు హన్నా మార్ష్‌మన్. స్వంత బిడ్డలున్నను, బడి పని నెత్తిన ఉన్నను, ఈ తల్లిలేని తల్లిగల బిడ్డలను తన ప్రక్కకు తీసికొనెను. రెండవవాడు విలియం వార్డు, ముప్పదియేండ్ల ముద్రాపకుడు. అతడు ఫేలిక్సును అచ్చుకూటములోనికి తీసికొని, ప్రక్కన నిలువబెట్టుకొని పని నేర్పెను; అతనితో మాటలాడెను, అతని మాట వినెను. బెంగాలీ క్రొత్త నిబంధన అచ్చగుచున్న దినములవి. పనియు స్నేహమును కలిసి ఆ బాలుని మనస్సును మెత్తపరచెను.

1800 డిసెంబరు 28వ తేదీన హుగ్లీ నదిలో ఇద్దరు బాప్తిస్మము పొందిరి. ఒకడు వడ్రంగి కృష్ణపాల్. అతడు ఆ మిషనుకు మొదటి బెంగాలీ విశ్వాసి. రెండవవాడు ఫేలిక్స్ కేరీ, సుమారు పదునైదేండ్ల కుమారుడు. ఆ దినమున గట్టుమీద స్తుతి గానము వినబడుచుండగా, ఒక ప్రక్క గదిలో డొరతీ మతి చలించి యుండెను. మరియొక ప్రక్క, ఏండ్ల తరబడి ఈ దినము కొరకు ఎదురుచూచిన వైద్యుడు జాన్ థామస్ కూడ మనస్సు తప్పి కేకలు వేయుచుండెను. థామస్ కొంతకాలమునకు తేరుకొనెను, డొరతీ తేరుకొనలేదు. దేవుని కార్యమును మనుష్యుని మానసిక వేదనయు ఒకే ప్రాకారములో, ఒకే ఉదయమున ఉండెను. ఒకటి ఉన్నచోట మరియొకటి ఉండదనువారు ఆ గట్టున ఒక గడియ నిలిచి చూడవలెను.

3. చిట్టగాంగునకు పోయిన స్నేహితుడు

కథ ఇక్కడ ముగిసినచో చెప్పుటకు సులభముగా నుండెడిది. జీవితము అట్లు ముగియదు. ఫేలిక్స్ పెరిగి 1807లో బర్మా దేశమునకు సేవకుడుగా వెళ్లెను. వైద్యము తెలిసినవాడు, భాషలు తెలిసినవాడు. 1814లో ఐరావతీ నదిలో పడవ మునిగి అతని భార్యయు బిడ్డలును అతని కన్నులయెదుట మరణించిరి. ఆ దెబ్బతో అతడు సేవను విడిచెను. బర్మా రాజునకు రాయబారిగా కలకత్తాకు వచ్చి ఆడంబరముగా బ్రదికి అప్పులపాలయ్యెను. ఆ కొలువును పోగొట్టుకొని, తూర్పు సరిహద్దుల అడవులలోను కొండలలోను ఏండ్లు తిరుగుచుండెను. తండ్రి హృదయము బ్రద్దలయ్యెను.

1818లో వార్డు అతనిని చిట్టగాంగులో కలిసికొని, ఇంటికి రమ్మని ఒప్పించెను. ఫేలిక్స్ సెరంపూరునకు తిరిగివచ్చెను. పదునైదవ యేట తనకు పని నేర్పిన అచ్చుకూటమే అతనికి మరల పని ఇచ్చెను. బెంగాలీలో శరీరశాస్త్ర గ్రంథమును వ్రాసి ప్రచురించెను. తండ్రి తర్జుమా పనిలో చేయి కలిపెను. 1822 నవంబరులో అతడు మరణించెను. నాలుగు నెలలకే, 1823 మార్చిలో, వార్డు కూడ ప్రభువునొద్దకు వెళ్లెను.

ప్రియులారా, వార్డు మొదటి మారు చేసిన పని మనలో అనేకులు చేయగలము. చిన్నవాడు, చేరదీసినచో వినును, మార్పు కనబడును, మనకును సంతోషము కలుగును. రెండవ మారు చేసిన పని కష్టము. మన శ్రమ వ్యర్థమైనదని కనబడినప్పుడు, మనకు పేరు తెచ్చినవాడే అపకీర్తి తెచ్చినప్పుడు, ఎదురుపోయి “ఇంటికి రమ్ము” అనుటకు దూత మనస్సు కావలెను. బదరీవృక్షమునొద్దకు దూత రెండవ మారు వచ్చినట్లు, వార్డు ఫేలిక్సునొద్దకు రెండవ మారు పోయెను. సంఘమునకు నేడు కొరతగా నున్నది ఈ రెండవ రాకయే.

4. నేటి బదరీవృక్షములు

హుగ్లీ గట్టు నేటికిని తెలుగు మాట వినబడు స్థలమే. రిష్రా, టీటాగఢ్ జనపనార మిల్లులకు మన తీరాంధ్ర జిల్లాలనుండి పనికొరకు వెళ్లినవారి సంతతియు, ఖరగ్‌పూరు రైల్వే కుటుంబములును బెంగాలులో తరతరములుగా నున్నారు. ఇంటిలో తెలుగు, వీధిలో బెంగాలీ, బడిలో హిందీయో ఆంగ్లమో మాటలాడు బిడ్డకు తన లోపలి బాధను ఏ భాషలో చెప్పుకొనవలెనో తెలియదు. తల్లిదండ్రులు మిల్లు ఈలకును రైలు వేళకును కట్టుబడినవారు. బాధను చెప్పిన బిడ్డకు, “మేము పడిన కష్టములో నీది ఎంత?” అనునదియే జవాబు. ఇది కోల్‌కతా మాటయే కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము వసతిగృహముల మాటయు ఇదే.

2023 జూలైలో, పశ్చిమ బెంగాలునుండి వైద్యవిద్యా ప్రవేశపరీక్షకు చదువుకొనుటకై విశాఖపట్టణము వచ్చిన ఒక బాలిక అక్కడి వసతిగృహమునొద్ద మరణించెను. ఆమె మరణము ఎట్లు జరిగెనో తెలిసికొనగోరి తండ్రి న్యాయస్థానములను ఆశ్రయించెను. 2025 జూలై 25న సర్వోన్నత న్యాయస్థానము విచారణను కేంద్ర దర్యాప్తు సంస్థకు అప్పగించుచు, దేశములోని విద్యాసంస్థలన్నిటికి నియమములను విధించెను. నూరుగురు లేక అంతకు మించిన విద్యార్థులున్న ప్రతి సంస్థ అర్హతగల సలహాదారుని నియమింపవలెను. మార్కులనుబట్టి పిల్లలను జట్లుగా వేరుచేయుట, నలుగురిలో అవమానపరచుట మానవలెను. సహాయపు ఫోను సంఖ్యలను తరగతులలోను వసతిగృహములలోను స్పష్టమైన పెద్ద అక్షరములతో వ్రాసి ఉంచవలెను. సిబ్బందికి ఏటేట రెండు మారులు శిక్షణ ఇయ్యవలెను.

న్యాయస్థానము బడులకు చెప్పిన ఈ మాటలను సంఘము తనకు చెప్పినట్లు వినరాదా? మన సండేస్కూలు బహుమతులలో, మన వేదికలమీద, పరీక్షలో మొదట వచ్చిన బిడ్డ పేరు మాత్రమే వినబడుటలేదా? తప్పిన బిడ్డ ఆ ఆదివారము ఏ వరుసలో కూర్చుండెను, లేక అసలు వచ్చెనా, అని ఎవరు చూచిరి?

2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 మొదలు 17 ఏండ్ల లోపువారిలో నూటికి ఏడుగురికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మత కలదని తేలెను. నలుబదిమంది ఉన్న మన యౌవనుల తరగతిలో సుమారు ముగ్గురని అర్థము. 2022లో దేశమందు 13,044 మంది విద్యార్థులు తమ ప్రాణములను తీసికొనిరని జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించెను. సగటున దినమునకు ముప్పదియైదుగురికి పైగా. వీరిలో ఒక్కొక్కరికి ఒక తల్లి, ఒక ఖాళీ మంచము, ఒక తెరువని పుస్తకము కలవు.

5. సంఘము చేయదగినది

మొదటిది, ఆతిథ్యము. 1935లో ఇంగ్లండులో చాద్ వారా అను యువ పాదిరి ఒక బాలికను సమాధి చేయవలసివచ్చెను. యౌవనదశలో దేహమునకు సహజముగా కలుగు మార్పును ఆమె రోగమని భ్రమించి, అడుగుటకు ఎవరును లేక ప్రాణము తీసికొనెను. ఆ సమాధి అతనిని విడువలేదు. 1953లో లండను నగరములోని తన దేవాలయమున ఒక టెలిఫోను పెట్టి, వేదనలో నున్నవారిని పిలువుమని ప్రకటించెను. వచ్చినవారు అతనిని కలియుటకు వేచియుండగా, స్వచ్ఛందముగా వచ్చిన సామాన్యులు వారికి టీ ఇచ్చి కూర్చుండి వినుచుండిరి. అనేకులు వారితో మాటలాడియే తేరుకొనుచుండుట చాద్ వారా గమనించెను. మరుసటి యేటనే వినుపనిని వారికి అప్పగించెను. సమరయుల సంఘమను ఆ సేవ అట్లు పుట్టెను. ఒక కప్పు టీయు వినే చెవియు బదరీవృక్షము క్రింది అప్పమునకును నీళ్లకును సాటి. ఇందుకు పట్టా అక్కరలేదు.

రెండవది, వైద్యమును గౌరవించుట. హిజ్కియా స్వస్థత కొరకు ప్రార్థించినప్పుడు దేవుడు జవాబిచ్చెను. అయినను యెషయా అంజూరపు ముద్దను పుండుమీద వేయించెను (2 రాజులు 20:7). ప్రార్థనయు మందును పోట్లాడుకొనలేదు. మలేరియాకు మాత్ర మ్రింగుట అవిశ్వాసము కానప్పుడు మనోవ్యాధికి మాత్ర మ్రింగుట అవిశ్వాసమెట్లగును? డొరతీ కాలమునకు లేని సాయము మన కాలమునకు కలదు. ఆ కలకత్తాలోనే 1933లో, ఇప్పుడు ఆర్.జి.కర్ అని పిలువబడు ఆసుపత్రిలో, గిరీంద్రశేఖర బోసు మానసిక చికిత్సా విభాగమును తెరిచెను. ఒక సామాన్య ఆసుపత్రిలో అట్టి విభాగము ఏర్పడుట మన దేశమున అదియే మొదలు. మనోరోగిని ఊరికి దూరముగా గోడల వెనుక కాక, జ్వరమువాని ప్రక్కననే చూడవచ్చునని ఆ తలుపు చాటెను. దయ్యమని కొట్టువారియొద్దకు, ఉపవాసములతో ఒడలు శోషింపజేయువారియొద్దకు బిడ్డను తీసికొనిపోకుడి. దేవుడు ఏలీయాకు ముందు అన్నము పెట్టెను.

మూడవది, అడుగుట. బిడ్డ నిద్ర మారినను, తిండి తగ్గినను, ఇష్టమైనవాటిని విడిచినను, తన ప్రియమైన వస్తువులను పంచిపెట్టినను, తాను అందరికి భారమని పలికినను, దగ్గర కూర్చుండి మెల్లగా అడుగుడి: “నాయనా, బ్రదుకవలదని అనిపించుచున్నదా?” అడిగినందున లేని తలంపు పుట్టునని భయపడకుడి, అడుగుట భారమును దింపునని వైద్యులు చెప్పుచున్నారు. “అవును” అన్నయెడల తిట్టకుడి, ఏడ్చి బెదరింపకుడి, ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టకుడి. ఒంటరిగా విడువక, ఆ దినమే వైద్యునియొద్దకు తీసికొనిపొండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416 అను సంఖ్యకు ఏ గడియనైనను డబ్బు లేకుండ ఫోను చేయవచ్చును, తెలుగులోను మాటలాడవచ్చును. ఈ సంఖ్యను మీ దేవాలయపు ప్రకటనల పలకమీద వ్రాయించుడి.

నాలుగవది, నిందను విడుచుట. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవాడు తీవ్రమైన మానసిక ఒత్తిడిలో నున్నట్లు ఎంచి, శిక్షకు బదులు సంరక్షణ ఇయ్యవలెనని చెప్పుచున్నది. చట్టము కనికరము నేర్చుకొనగా, సంఘము వెనుకబడుట న్యాయమా? బిడ్డను పోగొట్టుకొనిన యింటికి వెళ్లినప్పుడు నరకమును గూర్చి మాటలాడకుడి. ఆ తీర్పు మనకు అప్పగింపబడలేదు. మరణమైనను జీవమైనను క్రీస్తు ప్రేమనుండి మనలను ఎడబాపజాలదని అపొస్తలుడు రోమీయులకు వ్రాసిన అధ్యాయమును ఆ తల్లి ప్రక్కన కూర్చుండి చదువుడి. నెల తరువాత మరల వెళ్లుడి. సంవత్సరము తిరిగిన దినమున మరల వెళ్లుడి.

6. యౌవన సహోదరీ సహోదరులతో ఒక మాట

ఈ పుటను చదువుచున్న చిన్నవారలారా, మీలో ఒకరు నేడు ఆ వృక్షము క్రింద నుండవచ్చును. మీరు దేవునికి దూరమైనందున అక్కడికి చేరితిరని ఎవరైన చెప్పినయెడల నమ్మకుడి. ఏలీయా అక్కడ నుండెను. దూత అక్కడికే వచ్చెను. ప్రార్థన రానప్పుడు నిద్రపొండి. లేచి కొంచెము తినుడి. తెలిసిన ఒక్క మనుష్యునితో ఒక్క మాట చెప్పుడి. అతడు వినకపోయినయెడల మరియొకనితో చెప్పుడి. మీ బెయేర్షెబాలో విడిచిన స్నేహితుని మరల పిలువుడి. “నేనొక్కడనే” అని మీ మనస్సు చెప్పుచున్నది. ఏలీయా మనస్సు కూడ అదే చెప్పెను, అది నిజము కాదు.

మరియొక సంగతి చూడుడి. ప్రాణము తీసికొమ్మని ఏలీయా చేసిన ప్రార్థనకు దేవుడు ఆ దినమునే గాని మరి యే దినమున గాని “సరే” అనలేదు. చావు కోరిన ఆ మనుష్యుడు అసలు చావునే చూడక సుడిగాలిలో పరలోకమునకు ఎత్తబడెను. ఆ దినమున అతని ప్రక్కన నడచుచున్నవాడు ఎలీషా. కుంగినవాని కొరకు దేవుడు ఇచ్చిన స్నేహితుడు చివరివరకు విడువక నడచెను. బదరీవృక్షము క్రింద ఏలీయాకు ఈ ముగింపు కనబడలేదు. మీకును నేడు కనబడకపోవచ్చును. కనబడనంత మాత్రమున లేదని కాదు.

పెద్దలారా, ఈ వారములో కూటమునకు రావడము మానిన ఒక యౌవనస్థుని పేరు తలంచుకొనుడి. ఇదివరకే ఒక మారు వెళ్లియుందురు. రెండవ మారు వెళ్లుడి.

ప్రార్థన: కనికరముగల తండ్రీ, అరణ్యములో నీ దాసునికి అన్నము పెట్టిన దేవా, మా యిండ్లలో మౌనముగా కుంగిపోవుచున్న బిడ్డలను మాకు చూపుము. వినుటకు ఓపికను, వైద్యుల చేతులకు జ్ఞానమును, బిడ్డలను పోగొట్టుకొనిన తల్లిదండ్రులకు ఆదరణను దయచేయుము. మేము విసిగి విడిచినవారియొద్దకు మమ్మును మరల పంపుము. మాయొద్దకు ఎన్నియో మారులు వచ్చిన నీ కుమారుడైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.